నాకౌట్ చేశాక కూడా కిడ్నీ కణాలు ఆల్బుమిన్ మింగుతూనే ఉన్నాయి. ఎక్కడ పొరపాటు?

విభాగం: జీవశాస్త్రం › ల్యాబ్ కష్టాలు

నిద్రలేని_స్కాలర్ | సోమవారం, రాత్రి 11:48

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో పీహెచ్‌డీ, నాలుగో ఏడు. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. ఇవాళ రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

కిడ్నీలో రక్తం వడపోత అయినప్పుడు కాస్త ఆల్బుమిన్, ఇంకొన్ని చిన్న ప్రొటీన్లు కిందికి జారిపోతాయి. ప్రాక్సిమల్ ట్యూబ్యూల్ కణాలు వాటిని మూత్రంలోకి పోనివ్వకుండా లోపలికి లాక్కుంటాయి. ఆ పని చేసే రిసెప్టర్లు మెగాలిన్, క్యుబిలిన్. నేను చూస్తున్నది వాటి వెనక నిలబడి పనిచేసే ఇంకో ప్రొటీను. పేపరు రాలేదు కాబట్టి పేరు చెప్పలేను, ఏమనుకోకండి.

ఆ జీన్‌ను కిడ్నీలో మాత్రమే తీసేసిన నాకౌట్ ఎలుకల్ని (ఫ్లాక్స్-క్రీ పద్ధతి: ఫ్లాక్స్ గుర్తులు పెట్టిన జీన్‌ను క్రీ అనే ఎంజైము కత్తిరించేస్తుంది) తయారు చేసుకోవడానికి రెండేళ్లు పట్టింది. ప్రొటీను ఉందో లేదో చూపే వెస్టర్న్ బ్లాట్‌లో బ్యాండు దాదాపు లేదు. ఆ రోజు ల్యాబ్‌లో అందరికీ సమోసాలు కూడా ఇప్పించాను.

పోయిన వారం ఎఫ్ఐటీసీ అనే ఆకుపచ్చగా మెరిసే రంగు అంటించిన ఆల్బుమిన్ తోక నరంలోకి ఎక్కించి, 15 నిమిషాలు ఆగి, కిడ్నీలు తీసి సెక్షన్లు కోశాను. మామూలు ఎలుకలో ట్యూబ్యూల్స్ పచ్చగా వెలగాలి, నాకౌట్‌లో చీకటిగా ఉండాలి. రెండూ పచ్చగానే ఉన్నాయి. నాకౌట్‌లో పిసరంత తక్కువేమో అనిపిస్తుంది, అది నా ఆశ కూడా కావచ్చు. మూత్రంలో డిప్‌స్టిక్ ముంచితే రెండు గుంపుల్లోనూ ఒకేలా ప్రొటీన్ పాజిటివ్.

మా సార్ స్లైడ్లు చూసి, "దీనికి పెద్ద పనేమీ లేనట్టుంది. వేరే ప్రాజెక్టు ఆలోచించు" అన్నారు. నాలుగో ఏట వేరే ప్రాజెక్టా?

చేదునిజం | సోమవారం, రాత్రి 11:59

సార్ చెప్పిందే కరెక్ట్. తీసేసినా తేడా రాలేదంటే దాని పని ఇంకొకటి చేసేస్తోందన్నమాట. ఇలాంటివి బోలెడు. నాకౌట్లు పట్టుకుని ఏళ్లు పోగొట్టుకునే బదులు, కణాల్ని ప్లేట్లో పెంచి ఎండోసైటోసిస్ (కణం బయటి సరుకును పొరతో చుట్టి మింగడం) ఆపే మందు వేసి చూస్తే వారంలో తేలేది.

ఎలుకల_మావయ్య | మంగళవారం, ఉదయం 6:10

తల్లీ, ముందు భోంచేసి పడుకో. నేను సైంటిస్టును కాను. యానిమల్ హౌస్‌లో 26 ఏళ్లు చేశాను. మీలాంటివాళ్లు అర్ధరాత్రి ఏడుస్తూ వస్తే టీ పోసింది మేమే. కొన్ని అడుగుతాను, ఒక్కోదానికీ జవాబియ్యి.

నల్ల ఎలుకలా, తెల్లవా? నల్లవైతే తోక నరం సరిగ్గా కనబడదు. తోకను గోరువెచ్చని నీళ్లలో పెట్టావా, లేక లైటు కింద వేడి చేశావా? సూది గుచ్చినప్పుడు మందు నల్లేరు మీద బండిలా జారిపోవాలి. గట్టిగా నొక్కాల్సి వచ్చి, తోకలో చిన్న బుడిపె లేచిందంటే మందు నరంలో లేనట్టే, చర్మం కింద ఉంది. ఆ ఎలుకను లెక్కలోంచి తీసేయాలి. చాలామంది తీసేయరు.

ఎక్కించాక ఒక్క చుక్క రక్తం తీసి ప్లాస్మాలో రంగు ఎంతుందో కొలిచావా? కొలవకపోతే రెండు ఎలుకలకీ సమానంగా అందిందని ఎట్లా చెప్తావు?

మూత్రం మగవాటిదా, ఆడవాటిదా?

మామూలు ఎలుకలు అన్నావు. అవి నీ నాకౌట్లతో ఒకే కానుపులో పుట్టినవా, బయట కొన్నవా?

నిద్రలేని_స్కాలర్ | మంగళవారం, ఉదయం 9:32

మావయ్య గారూ, దండాలు. నల్లవే. నీళ్లలో పెట్టాను. రెండింటికి బుడిపె వచ్చింది, తీసేయలేదు. రక్తం కొలవలేదు. మూత్రం చేతికి దొరికినప్పుడల్లా పట్టాను, మగ-ఆడ కలిసిపోయాయి. మామూలు ఎలుకలు బయటినుంచి కొన్నవి. నావాటితో పుట్టినవి సరిపడా లేవు.

టైపు చేస్తుంటేనే సిగ్గేస్తోంది.

ఎలుకల_మావయ్య | మంగళవారం, ఉదయం 9:50

సిగ్గెందుకమ్మా. పేపరులో అచ్చయ్యాక తెలిస్తే అప్పుడు సిగ్గుపడాలి.

మగ ఎలుక మూత్రంలో ప్రొటీను మామూలుగానే దండిగా ఉంటుంది. ఎమ్‌యూపీలని, లివర్ తయారుచేసి పంపుతుంది. వాసనతో ఇంకో మగవాడికి "ఇది నా జాగా" అని చెప్పుకోవడానికి వాటిని వాడుకుంటాయి. మనిషికి వాడే డిప్‌స్టిక్ అక్కడ ముంచితే జబ్బు లేని ఎలుక కూడా రోగిలా కనిపిస్తుంది. జెల్ మీద పరిగెత్తించి చూడు. ఎమ్‌యూపీ 20 కిలోడాల్టన్ల దగ్గర మందంగా కూర్చుంటుంది, ఆల్బుమిన్ 66 దగ్గర ఉంటుంది. రెండూ కలవవు.

గోదావరి_గట్టు | మంగళవారం, మధ్యాహ్నం 1:15

కొవ్వూరు మాది, ఇప్పుడు జర్మనీలో పోస్ట్‌డాక్. నా పని కూడా ఎండోసైటోసిస్ మీదే, అందుకే ఆగలేక రాస్తున్నా.

@నిద్రలేని_స్కాలర్ గారూ, ఒకటే ప్రశ్న. ఏ మందూ ఎక్కించని మామూలు ఎలుక కిడ్నీ సెక్షన్‌ను అదే ఫిల్టర్‌లో, అదే ఎక్స్‌పోజర్‌లో చూశారా?

చూడకపోతే ఇవాళే చూడండి. ప్రాక్సిమల్ ట్యూబ్యూల్స్‌కి సొంత వెలుగు ఉంటుంది. మైటోకాండ్రియా కిక్కిరిసి ఉంటాయి, లైసోజోముల్లో తరగని సరుకంతా పేరుకుని ఉంటుంది. ఆకుపచ్చ ఫిల్టర్‌లో అది భలే మెరుస్తుంది. నా మొదటి ఏడాది అంతా ఆ మెరుపుకే గ్రాఫులు గీశాను.

(పచ్చ అంటే మా ఇంట్లో పసుపు. అందుకే ఆకుపచ్చ అని విడిగా రాస్తున్నా.)

ఇంకోటి. ఎఫ్ఐటీసీ-ఆల్బుమిన్ డబ్బాలో ఆల్బుమిన్‌కు అంటుకోని రంగు కూడా కాస్త తేలుతూ ఉంటుంది. డయాలిసిస్ చేసి (సన్నని పొర సంచిలో పెట్టి చిన్న అణువుల్ని బయటికి పోనిచ్చి) వదిలించుకోకపోతే ఆ చిన్న రంగు సులువుగా వడపోత దాటేస్తుంది. మీరు చూసేది ఆల్బుమినో, ఒట్టి రంగో తెలియదు.

@చేదునిజం గారూ, మందు వేసి వారంలో తేల్చొచ్చన్నారు. ఎండోసైటోసిస్ ఆపడానికి అందరూ వాడే డైనసోర్ (dynasore) అనే మందు సంగతి తెలుసు కదా. డైనమిన్ అనే ప్రొటీన్‌ను ఆపుతుందని దాని పేరు. యేల్‌లో డి కామిల్లి ల్యాబ్ వాళ్లు ఎలుకలకున్న మూడు డైనమిన్ జీన్లూ లేని కణాలు తయారు చేశారు. 2013లో ఆ కణాల మీదే ఈ మందు వేసి చూస్తే, పొర అంచు మడతలు పడటం అప్పుడూ ఆగిపోయింది. అసలు డైనమినే లేనిచోట మందు దేన్ని ఆపినట్టు? ఆ మందుతో అంతకుముందు వచ్చిన పేపర్లను అందరం కొత్తగా చదువుకోవాల్సి వచ్చింది. మందు మాట నమ్మొచ్చో లేదో తేల్చింది కూడా నాకౌటే.

చేదునిజం | మంగళవారం, మధ్యాహ్నం 2:02

డైనసోర్ మాట ఒప్పుకుంటా. కానీ నాకౌట్ కూడా పుట్టుకనుంచీ లేకపోవడం కదా. శరీరం సర్దుకుపోతుంది. మనం చూసేది ప్రొటీను పనిని కాదు, ప్రొటీను లేకుండా బతకడం నేర్చుకున్న ఎలుకను.

శారద_టీచర్ | మంగళవారం, సాయంత్రం 6:40

డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్తాను. చేదునిజం గారి మాటకి నా క్లాసులో చెప్పే ఉదాహరణ ఒకటుంది.

గ్లూట్4 అని, ఇన్సులిన్ పిలవగానే కండ కణం గోడ మీదికి వచ్చి చక్కెరను లోపలికి తీసుకునే ప్రొటీను. 1995లో దాన్ని పూర్తిగా తీసేసిన ఎలుకలు వచ్చాయి. అందరూ ఘోరమైన షుగర్ జబ్బు వస్తుందనుకున్నారు. ఎలుకలు బక్కగా, చిన్నగా ఉన్నాయి, గుండె పెరిగింది, రక్తంలో చక్కెర మాత్రం దాదాపు మామూలే. ఇది చెప్పగానే పిల్లలు "అయితే గ్లూట్4 అక్కర్లేదా మేడం?" అని అడుగుతారు.

రెండేళ్ల తర్వాత, 1997లో, రెండు కాపీల్లో ఒక్కటే పోయిన ఎలుకల్ని చూశారు. వాటిలో చాలా మగవాటికి డయాబెటిస్ వచ్చింది. పూర్తిగా లేనిదానికి రాని జబ్బు సగం ఉన్నదానికి వచ్చింది. తర్వాత 2000లో కండలో మాత్రమే తీసేస్తే చిన్న వయసులోనే ఇన్సులిన్ మాట వినడం మానేశాయి.

క్లాసులో దీన్ని బల్ల మీద గీసి చూపిస్తాను. మొదటి ఫలితం దగ్గరే ఆగి ఉంటే పాఠం వేరేగా ఉండేది. కాబట్టి శరీరం సర్దుకుంటుందన్న మాట నిజమే, కానీ అందుకని నాకౌట్ వద్దు అనలేం. ఎక్కడ తీశాం, ఎంత తీశాం అన్నది అడగాలి.

ఊరికే_చదివేవాణ్ణి | మంగళవారం, రాత్రి 9:05

కొండను తవ్వి ఎలుకను పట్టడం విన్నాం. మీరు ఎలుకను తవ్వి కొండను వెతుకుతున్నారు 😄

సైన్స్ నాది కాదు, బ్యాంకు ఉద్యోగం. చదువుతుంటే ఒక డౌటు. మా నాన్నకు మెట్‌ఫార్మిన్ ఇస్తారు. అది కూడా కణంలోకి ఇలాగే ఏదో తలుపు గుండా పోవాలా? తలుపు లేకపోతే మందు పనిచేయదా?

ఇంకో మాట, తప్పుగా అనుకోవద్దు. ఇన్ని ఎలుకల్ని చంపడం చూస్తే పిల్లికి చెలగాటం సామెత గుర్తొస్తోంది.

మందుబిళ్ల | మంగళవారం, రాత్రి 10:21

ఫార్మాలో, మందు ఒంట్లో ఎటు పోతుందో చూసే డిపార్ట్‌మెంట్ నాది. మీ మొదటి డౌటు నా దారిలోనే ఉంది.

మెట్‌ఫార్మిన్ లివర్ కణంలోకి వెళ్లే ముఖ్యమైన తలుపు పేరు ఆక్ట్1. ఆ జీన్ లేని ఎలుకల్లో లివర్‌లోకి మందు చాలా తక్కువగా చేరింది. 2007లో వచ్చిన పేపర్లో, అలాంటి ఎలుకల్లో మెట్‌ఫార్మిన్ చక్కెర దించే పని పోయిందని కూడా చూపించారు. అంతవరకు బావుంది. మనుషుల్లో ఆక్ట్1 బలహీనంగా ఉండే వేరియంట్లు ఉన్నవాళ్లూ ఉన్నారు. స్కాట్లాండ్‌లో డయాబెటిస్ రోగుల్ని పెద్ద సంఖ్యలో చూసి 2009లో రాసిన పేపర్లో, ఆ వేరియంట్ ఉన్నవాళ్లకు హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల చక్కెర సగటు చూపే పరీక్ష) తగ్గడంలో తేడా కనబడలేదు. ఎలుకలో మూసుకుపోయిన దారి మనిషిలో ముఖ్యం కాకపోవచ్చు. నాన్నగారి మాత్ర మాత్రం డాక్టరు చెప్పినట్టే వేయండి.

మా ఫీల్డులో కొత్తవాళ్లకు చెప్పే కథ ఇంకోటుంది. ఇది లోపలికి తీసుకోవడం కాదు, బయటికి గెంటేయడం గురించి. ఆమ్‌స్టర్‌డామ్‌లో పీ-గ్లైకోప్రొటీన్ జీన్ ఒకటి లేని ఎలుకల్ని తయారు చేశారు. చూడ్డానికి ఏ లోటూ లేదు. బతుకుతున్నాయి, పిల్లల్ని పెడుతున్నాయి. చేదునిజం గారు చూసుంటే "పనేమీ లేదు, వదిలెయ్" అనేవారు. ఒకసారి యానిమల్ హౌస్‌లో ఎలుకలకు మైట్స్ (ఒంటికి పట్టే చిన్న పురుగులు) పట్టాయి. అలవాటు ప్రకారం ఐవర్‌మెక్టిన్ కొట్టారు. మన ఊళ్లలో గొర్రెలకు, పశువులకు వేసే మందే. మామూలు ఎలుకలకు ఏమీ కాలేదు. నాకౌట్లు మాత్రం దాదాపు అన్నీ చచ్చిపోయాయి. మెదడు రక్తనాళాల గోడలో ఆ ప్రొటీను కాపలా కాస్తూ మందును బయటికి తోసేస్తోందని, అది లేకపోతే మెదడులోకి దాదాపు 90 రెట్లు ఎక్కువ చేరుతోందని అప్పుడు తెలిసింది. 1994లో ఆ పేపరు వచ్చింది.

తేడా లేదంటే, మనం అడిగిన ప్రశ్నకు తేడా లేదని. మైట్స్ అడిగిన ప్రశ్న వేరు.

ఎలుకల_మావయ్య | బుధవారం, ఉదయం 6:05

@ఊరికే_చదివేవాణ్ణి బాబూ, తప్పేం లేదు, అడగాల్సిందే. ఎథిక్స్ కమిటీ అని ఉంటుంది, ఎన్ని ఎలుకలు, ఎందుకు అని ముందే రాసివ్వాలి, ఒక్కటి ఎక్కువ కావాలన్నా మళ్లీ అడగాలి. నాకు బాధనిపించేది వేరే. సరైన జోడీ పెట్టుకోక, చేసిన ప్రయోగమే మళ్లీ చేస్తారు చూడు, ఆ రెండోసారి పోయిన ఎలుకలు ఊరికే పోయినట్టు. ఈ అమ్మాయిని అంత విసిగించింది అందుకే.

గోదావరి_గట్టు | బుధవారం, మధ్యాహ్నం 12:30

నిన్న చెప్పడం మరిచిన అసలు సంగతి ఇది. స్కాలర్ గారూ, మీ బ్యాండు "దాదాపు లేదు" అన్నారు. ఆ "దాదాపు" దగ్గర నా కన్ను ఆగింది. బ్లాట్ ఎంతసేపు ఎక్స్‌పోజ్ చేశారు? మొత్తం కిడ్నీ రుబ్బి వేశారా?

క్రీ ప్రతి కణంలోనూ పనిచేస్తుందన్న హామీ లేదు. మెగాలిన్ చరిత్రే చూడండి. 1996లో ఒంటి నిండా మెగాలిన్ తీసేస్తే మెదడు ముందుభాగం సరిగా ఏర్పడక చాలా పిల్లలు పుట్టగానే పోయాయి. ఒకటీ అరా బతికిన వాటి మూత్రంలోనే చిన్న ప్రొటీన్లు కారిపోవడం చూశారు. విటమిన్ డీని మోసే ప్రొటీను కూడా అలా కారిపోతోందని 1999లో తేలింది. అందుకే తర్వాత కిడ్నీకే పరిమితమైన నాకౌట్ చేశారు. అందులో అన్ని కణాల్లోనూ పోలేదు. అక్కడక్కడా మెగాలిన్ మిగిలిన కణాలున్నాయి.

మొదట ఇది లోపంలా కనిపిస్తుంది. నాకైతే ఇదే వరం. ఒకే ట్యూబ్యూల్‌లో, ఒకే మూత్రం తగులుతూ, ఒకే రక్తం అందుతూ, ఒక కణంలో ప్రొటీను ఉంది, పక్కదానిలో లేదు. ఇంతకంటే మంచి కంట్రోల్ ఏ కంపెనీ అమ్మదు.

ఈ కిటుకును అందంగా వాడింది జర్మనీలోని జెంట్ష్ ల్యాబ్, 2000లో. డెంట్ జబ్బు అని ఒకటుంది, ఎక్కువగా మగవాళ్లకు వస్తుంది. మూత్రంలో చిన్న ప్రొటీన్లు, కాల్షియం పోతాయి, రాళ్లు వస్తాయి. కారణం సీఎల్‌సీ-5 అనే ప్రొటీను, దాని జీన్ ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది. ఆడ ఎలుకలో ఒక ఎక్స్ మీద మాత్రమే దాన్ని చెడగొడితే? ప్రతి కణం రెండు ఎక్స్‌లలో ఒకదాన్ని నిద్రపుచ్చుతుంది కాబట్టి, కిడ్నీ దానంతటదే కలగాపులగం అవుతుంది. సీఎల్‌సీ-5 ఉన్న కణం ప్రొటీన్‌ను లోపలికి బాగా తీసుకుంది, దాని భుజం రాసుకుంటున్న కణం సరిగా తీసుకోలేదు. రక్తపోటు తేడా, హార్మోన్ తేడా, తిండి తేడా అనే సాకులన్నీ ఒక్క ఫోటోతో పోయాయి.

అదే ఏడాది అమెరికాలో ఇంకో ల్యాబ్ కూడా అదే జీన్ తీసేసింది. ప్రొటీన్ కారడం రెండిట్లోనూ ఉంది. మూత్రంలో కాల్షియం పెరగడం మాత్రం అమెరికా ఎలుకల్లో ఉంది, జర్మనీ ఎలుకల్లో లేదు. ఒకే జీన్, రెండు ఇళ్లు. బయట కొన్న ఎలుకల్ని కంట్రోల్‌గా పెట్టొద్దని మావయ్య గారు ఎందుకన్నారో ఇప్పుడు అర్థమైందా?

మీరు చేయాల్సింది ఇది. పచ్చ వదిలేసి ఎరుపు రంగు అంటించిన ఆల్బుమిన్ తీసుకోండి. అదే సెక్షన్ మీద మీ ప్రొటీన్‌ను గుర్తుపట్టి వెలిగే యాంటీబాడీ వేయండి. ట్యూబ్యూల్ లెక్కన కాదు, కణం లెక్కన చూడండి.

నిద్రలేని_స్కాలర్ | బుధవారం, రాత్రి 8:44

బ్లాట్ 30 సెకన్లే ఎక్స్‌పోజ్ చేశాను. మొత్తం కిడ్నీయే. ఇప్పుడే ఆ పాత మెంబ్రేన్ బయటికి తీసి కొత్త సబ్‌స్ట్రేట్ పోసి 5 నిమిషాలు పెట్టాను. నాకౌట్ వరుసల్లో బ్యాండు లేచింది. సన్నగా ఉంది, కానీ ఉంది.

మందు ఎక్కించని ఎలుక కిడ్నీ కూడా చూశాను. ఆకుపచ్చగా ఉంది. నాలుక్కరుచుకున్నాను.

చేదునిజం | బుధవారం, రాత్రి 9:10

ఏడవకండి. ఇప్పుడు ప్రాజెక్టు బతికింది. ఒకే కానుపు ఎలుకలు ఎన్ని వారాల్లో వస్తాయి?

ఎలుకల_మావయ్య | గురువారం, ఉదయం 6:00

కడుపు మోసేది 20 రోజులు, పాలు మాన్పించేది 21 రోజులకు, ప్రయోగానికి 8 వారాల వయసు రావాలి. ఇవాళ జత కలిపితే దగ్గర దగ్గర మూడు నెలలు. ఫ్లాక్స్-ఫ్లాక్స్‌తో, క్రీ ఉన్న ఫ్లాక్స్-ఫ్లాక్స్‌ను కలుపు, సగం సగం వస్తాయి. ఇప్పుడు బోనుల్లో ఉన్నవాటి చెవి గుర్తులు, పుట్టిన తేదీలు ముందు చూసుకోమ్మా. ఒకటి రెండు జోడీలు ఇప్పటికే ఉండొచ్చు.

నిద్రలేని_స్కాలర్ | ఐదు వారాల తర్వాత, శనివారం, సాయంత్రం 5:20

మావయ్య గారన్నట్టే బోనుల్లో మూడు జోడీలు దొరికాయి, అన్నీ ఆడవే. ఎథిక్స్ కమిటీకి మార్పు రాసి పంపాను, అనుమతి వచ్చింది. రంగును రాత్రంతా డయాలిసిస్ చేశాను. తోకలు మా టెక్నీషియన్ అన్న పట్టుకున్నాడు, బుడిపె ఒక్కదానికీ రాలేదు. ప్లాస్మాలో రంగు ఆరింటిలోనూ దాదాపు సమానం.

ఫోటో పెట్టలేను, మాటల్లో చెప్తాను. ఒక ట్యూబ్యూల్ గుండ్రంగా కోసిన ఉంగరంలా ఉంది. అందులో తొమ్మిది కణాలు. యాంటీబాడీ వెలిగినవి రెండు. ఆ రెండింటిలో ఎర్రని చుక్కలు కణం లోపలికంటా, న్యూక్లియస్ దాకా ఉన్నాయి. మిగతా ఏడింటిలో లోపల చుక్కల్లేవు. కానీ పూర్తి చీకటి కూడా కాదు. లోపలి అంచున, బ్రష్ బోర్డర్ దగ్గర, సన్నని ఎర్రగీత. గుమ్మం దాకా వచ్చి నిలబడినట్టుంది.

నేను ఊహించింది ఇది కాదు. ఆల్బుమిన్ అసలు పట్టుకోలేదేమో అనుకున్నా. పట్టుకుంటోంది, లోపలికి పోవట్లేదు.

సార్‌కి చూపించాను. ముందు నిలబడే చూశారు. తర్వాత కుర్చీ లాక్కున్నారు. 40 నిమిషాలు మైక్రోస్కోప్ వదల్లేదు, నాకు కాళ్లు లాగేశాయి. వేరే ప్రాజెక్టు మాట మళ్లీ రాలేదు.

శారద_టీచర్ | శనివారం, సాయంత్రం 5:41

అభినందనలు తల్లీ! పేపరు వచ్చాక ఆ ఉంగరం బొమ్మ నా క్లాసుకు కావాలి.

చేదునిజం | శనివారం, సాయంత్రం 6:03

బావుంది. కానీ 15 నిమిషాలే చూశారు. గంట ఆగితే ఆ గీత లోపలికి వెళ్తుందేమో? వెళ్తే ఆగిపోవడం కాదు, ఆలస్యం అంతే.

గోదావరి_గట్టు | శనివారం, సాయంత్రం 6:15

ఈసారి చేదునిజం గారితో ఏకీభవిస్తున్నా. 5, 15, 60 నిమిషాలు చూడండి. మందు ఎక్కించని తోబుట్టువుని మరిచిపోకండి.

నిద్రలేని_స్కాలర్ | శనివారం, రాత్రి 11:52

మూడు టైములకూ కలిపి ఎన్ని ఎలుకలు కావాలో లెక్క వేస్తూ కూర్చున్నా. మావయ్య గారూ, ఆడవే సరిపోతాయా, మగవి కూడా పెట్టాలా?

ఎలుకల_మావయ్య | ఆదివారం, ఉదయం 6:02

రెండూ పెట్టు, విడివిడిగా లెక్కెయ్యి. మూత్రం మాత్రం ఈసారి కలపకు.